పంటి వైద్యానికి పరువు తెచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్



గతించిన పెద్దలను సావనీరులో తలచుకోవడం మనకు ఆనవాయితీ. చదువు చెప్పిన ఉస్తాదులను, నాడి పట్టిన హకీములను, పట్టాల కోసం తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్న వారిని తలచుకుంటాం. పంటి డాక్టరును తలచుకోవాలని మాత్రం ఎవరికీ తోచదు. నిజానికి ఒక ఇంట్లోని తాతనూ, కోడలినీ, మనవడినీ అదే కుర్చీలో కూర్చోబెట్టి చూసేది ఆయనే. పాలపళ్ళు ఊడే వయసు నుంచి కట్టుడు పళ్ళు పెట్టించుకునే వయసు దాకా ఆ ఇంటితో ఆయనకు పని ఉంటుంది. అయినా మన వాళ్ళ లెక్కలో ఆయన సగం డాక్టరే. "ఎంబీబీఎస్ సీటు తప్పిపోయింది, అందుకని బీడీఎస్ లో చేరాడు" అని పెళ్ళి సంబంధాల దగ్గర కూడా కాస్త గొంతు తగ్గించి చెబుతారు. పంటి డాక్టరు కూడా డాక్టరే అని ఈ దేశం చేత ఒప్పించడానికి ఒక మనిషి తన జీవితం ధారపోశాడు. ఆయన మన మతస్థుడు. ఆయన పేరు మన ఇళ్ళలో తెలియకపోవడం బాధ కలిగించే విషయం. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. పళ్ళ సంగతి చిన్న సంగతి అని మన దీన్ ఎన్నడూ అనలేదు. నా ఉమ్మత్ కు కష్టం అవుతుందేమో అనే జంకు లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్ తప్పనిసరి చేసి ఉండేవాణ్ణి అని ప్రవక్త మహమ్మద్ (స) సెలవిచ్చినట్లు హదీసులలో ఉంది. ఆయన ఇంట్లో అడుగు పెట్టగానే మొదట చేసే పని ఏమిటని అడిగితే, మిస్వాక్ చేసుకోవడం అని హజ్రత్ ఆయిషా (ర) జవాబు చెప్పారు. బయట నలుగురిలోకి వెళ్ళేటప్పుడు ముస్తాబయ్యే మగవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇంట్లోకి, భార్య దగ్గరికి వచ్చేటప్పుడు నోరు శుభ్రం చేసుకునే వారు ఎందరు? చివరి ఘడియల్లో కూడా అంతే. ఆయిషా (ర) గారి సోదరుడు అబ్దుర్రహ్మాన్ చేతిలో మిస్వాక్ తో లోపలికి వచ్చాడు. ప్రవక్త (స) చూపు దాని మీద నిలిచింది. ఆయిషా (ర) గ్రహించి, దాన్ని తీసుకుని తన పళ్ళతో నమిలి మెత్తబరచి ఆయనకు అందించారు. ఆలుమగల ప్రేమ గురించి ఇన్ని ప్రసంగాలు వింటాం గానీ, ఈ చిన్న పుల్ల సంగతి చెప్పేవారు తక్కువ.

వైద్యంలో కూడా మన పూర్వులు వెనుకబడి లేరు. స్పెయిన్ లోని కార్డోబా దగ్గర పదో శతాబ్దంలో జీవించిన అల్ జహ్రావీ అనే హకీం ముప్పై భాగాల వైద్యగ్రంథం రాశారు. దాని చివరి భాగం శస్త్రచికిత్స గురించి. పళ్ళ మీద పేరుకున్న గార గీకే పనిముట్లను ఆయన బొమ్మలు వేసి చూపించారు. కదిలే పళ్ళను బంగారు తీగతో పక్క పళ్ళకు కట్టే పద్ధతి చెప్పారు. ఒక హెచ్చరిక కూడా చేశారు. నొప్పి ఉన్న పన్ను ఒకటైతే రోగి ఒక్కోసారి మరొకటి చూపిస్తాడు, తెలివి తక్కువ మంగలి దాన్నే పీకేస్తాడు, నొప్పి మాత్రం అట్లనే ఉండిపోతుంది, కనుక ఏ పన్నో నిర్ధారణ చేసుకోకుండా చెయ్యి వెయ్యవద్దు అని. వెయ్యేళ్ళ కిందటి మాట ఇది!

ఇంత విద్య ఉండి కూడా తర్వాత కాలంలో పంటి వైద్యం వీధిన పడింది. కిందటి శతాబ్దం మొదట్లో మన దేశంలో పన్ను నొప్పి వస్తే పేదవాడికి దిక్కు ఫుట్ పాత్ మీద గుడ్డ పరచుకుని, పీకిన పళ్ళను కుప్ప పోసుకుని కూర్చునే మనిషే. కలకత్తాలో హుబేయ్ ప్రాంతం నుంచి వచ్చిన చైనా వాళ్ళు కొందరు పంటి పనినే కులవృత్తిలాగా తండ్రి దగ్గర కొడుకు నేర్చుకుని చేసేవారు. పనితనం ఉన్నవారు లేకపోలేదు. కానీ చదివి నేర్చుకునే చోటు ఈ దేశంలో ఎక్కడా లేదు. ఆడవాళ్ళ స్థితి ఇంకా అన్యాయం. పర్దా ఉన్న ఇంటి ఆడది వీధిలో కూర్చుని నోరు తెరవగలదా? లవంగం నొక్కిపెట్టుకుని, దవడకు గుడ్డ కట్టుకుని, ఇంటెడు పని చేస్తూనే రాత్రుళ్ళు గడిపేది. నొప్పి అని చెబితే "పన్నేగా" అనేవారు.

రఫీయుద్దీన్ అహ్మద్ 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్ లో, ఢాకా వైపు బర్ధన్ పారా అనే ఊళ్ళో పుట్టారు. సర్ సయ్యద్ అలీగఢ్ లో పెట్టిన కాలేజీలో చదివి 1908లో పట్టా పుచ్చుకున్నారు. హైదరాబాదులో పుట్టి రాష్ట్రపతి అయిన జాకిర్ హుసేన్ సాబ్ కూడా తర్వాత కొన్నేళ్ళకు అక్కడే చదివారు. మన దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967లో శంకుస్థాపన చేసింది ఆయనే. అలీగఢ్ పుణ్యాన మన ఊరి నేల మీద కూడా ఒక రాయి పడిందని నేను సరదాగా అంటుంటాను.

అలీగఢ్ లో చదివిన వాళ్ళు ఆ రోజుల్లో బారిస్టరు కావాలనో, సర్కారీ కొలువు కావాలనో చూసేవారు. ఈ కుర్రవాడు 1909లో అమెరికా వెళ్ళాడు. అదీ పళ్ళ చదువుకు! అయోవా విశ్వవిద్యాలయంలో చదివి 1915లో డాక్టర్ ఆఫ్ డెంటల్ సర్జరీ పట్టా పొందారు. తర్వాత బోస్టన్ నగరంలో, పేద పిల్లల పళ్ళు చూడటానికి కొత్తగా కట్టిన ఫోర్సైత్ దవాఖానాలో 1918 దాకా పనిచేశారు. ఈ బోస్టన్ కూ పంటి వైద్యానికీ సంబంధం పాతది. 1846 అక్టోబరులో మోర్టన్ అనే పంటి డాక్టరు ఒక రోగికి ఈథరు మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా ఆపరేషను చేయించి లోకాన్ని ఆశ్చర్యపరిచింది అక్కడే. ఇవాళ గుండె కోసినా, కడుపు కోసినా మనకు తెలియడం లేదంటే ఆ మేలుకు మొదలు ఒక పంటి డాక్టరు. అదే 1846లో మన హైదరాబాదులో నిజాం సర్కారు వైద్యపాఠశాల తెరిచింది. మత్తు మందు గురించి లోకం పట్టించుకున్న పరిశోధనలు 1888లో, 1889లో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో నిజాం ధనసహాయంతో జరిగింది కూడా మన నగరంలోనే. క్లోరోఫాం కమిషన్ అని వైద్య చరిత్రలో వాటికి పేరు. పంటి చదువు మాత్రం ఆ వైద్యపాఠశాల పుట్టిన తర్వాత నూటపదమూడేళ్ళకు గానీ హైదరాబాదుకు రాలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అహ్మద్ సాబ్ అమెరికాలో ఉండిపోయి ఉంటే సుఖంగా బతికేవారు. కానీ 1919లో తిరిగి వచ్చారు. మరుసటి ఏడు, అంటే 1920లో, కలకత్తాలో దేశపు మొదటి డెంటల్ కాలేజీ తెరిచారు. సర్కారు డబ్బు లేదు, జమీందారు విరాళం లేదు. మరి ఖర్చు ఎలా? ఇక్కడే ఆయన తెలివి చూడాలి. కలకత్తాలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే పేరుతో ఒక షాపు పెట్టారు. ఆ షాపు రాబడితో కాలేజీ నడిపారు. పళ్ళు పాడుచేసే తీపి నీళ్ళు అమ్మి పళ్ళ కాలేజీ నడిపాడా అని మీరు నవ్వవచ్చు. నేనూ నవ్వాను. కానీ చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగిన అనుభవం ఉన్న మన సొసైటీ పెద్దలకు తెలుస్తుంది, పరుల చేతికి కనిపెట్టుకోకుండా ఒక విద్యాలయం నడపడం ఎంత గొప్ప సంగతో.

మొదటి ఏళ్ళలో విద్యార్థులు చాలా కొద్దిమందే. పళ్ళు పీకే పనికి కాలేజీ ఏమిటని లోకం చూసింది. ఆ కొద్దిమందిలో ఒక ఆడపిల్ల ఉంది. పేరు ఫాతిమా జిన్నా. ముస్లిం కుటుంబంలోని ఆడపిల్ల ఇంటి గడప దాటి, బొంబాయి నుంచి కలకత్తా వచ్చి, మగవాళ్ళ మధ్య పంటి వైద్యం చదవడం 1920ల మొదట్లో మాట. చదువు ముగించి 1923లో ఆమె బొంబాయిలో సొంతంగా దవాఖానా తెరిచారు. 1929లో వదినగారు రతన్ బాయి చనిపోయాక దాన్ని మూసి అన్నగారి ఇల్లు చూసుకోవడానికి వెళ్ళిపోయారు. ఆమె తర్వాతి రాజకీయాలు మనకు ఎంత దూరమైనవైనా కావచ్చు, ఆ చర్చ ఇక్కడ వద్దు. పర్దాలో ఉన్న ఆడదాని నోరు చూడటానికి ఆడ డాక్టరు ఉండాలని మాటల్లో చెప్పి ఊరుకోకుండా, కాలేజీ తలుపు తెరిచి చూపించిన గురువు మన అహ్మద్ సాబ్. నా దృష్టిలో ఆయన చేసిన పనులన్నిటిలో ఇది మొదటి వరసలో నిలిచేది.

కాలేజీ ఒక్కటీ ఉంటే చాలదని ఆయనకు తెలుసు. 1925లో పంటి వైద్యం కోసం ఒక పత్రిక స్థాపించి 1946 దాకా, అంటే ఇరవై ఏళ్ళకు పైగా, తానే సంపాదకులుగా నడిపారు. విద్యార్థులకు పాఠ్యపుస్తకం లేకపోతే 1928లో తానే రాశారు. డాక్టర్లను ఒక సంఘంగా కూడగట్టారు, తర్వాత ఇండియన్ డెంటల్ అసోసియేషన్ కు అధ్యక్షులయ్యారు. కలకత్తా కార్పొరేషన్ లో కౌన్సిలరుగా కూర్చున్నారు. 1939లో బెంగాల్ లో పంటి వైద్యులకు ఒక చట్టం రావడం వెనుక ఆయన కృషి ఉంది.

తర్వాత 1947 వచ్చింది.

ఈ భాగం రాస్తుంటే నా కలం కాస్త ఆగింది. ఆయన పుట్టిన ఊరు సరిహద్దు అవతలికి, తూర్పు పాకిస్తాన్ లోకి పోయింది. ఆయన శిష్యురాలు కరాచీ వెళ్ళిపోయింది. 1946లో కలకత్తా వీధుల్లో ఎంత నెత్తురు పారిందో చరిత్ర చదివిన వారికి తెలుసు. యాభై ఆరేళ్ళ వయసు, పేరున్న మనిషి, అవతల కొత్త దేశానికి డాక్టర్లు కావాలి. వెళ్ళి ఉంటే చేతులు చాచి పిలిచేవారు. ఆయన కలకత్తాలోనే ఉండిపోయారు. ఉండిపోవడమే కాదు, 1949లో తన కాలేజీని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి దానంగా ఇచ్చేశారు. సోడా అమ్మి నిలబెట్టిన కాలేజీ, దాదాపు ముప్పై ఏళ్ళ కష్టం! అమ్ముకుని ఉంటే ఎంత వచ్చేదో. ఆ రోజుల్లో ఉండాలా, పోవాలా అనే మాట హైదరాబాదులో కూడా మన పెద్దల ఇళ్ళలో రాత్రుళ్ళు నడిచిందే. ఏ ఇంట్లో ఏ నిర్ణయం జరిగిందో ఆ ఇంటివారికి తెలుసు. ఉండిపోయిన వాళ్ళను అనుమానంగా చూసిన కాలంలో, ఉండిపోయిన ఒక మనిషి తన ఆస్తిని ప్రజల చేతిలో పెట్టాడు. ప్రభుత్వం కూడా ఆ ఔదార్యాన్ని మరువలేదు. కాలేజీకి ఆయన పేరే పెట్టింది. 1950 నుంచి 1962 దాకా ఆయన పశ్చిమ బెంగాల్ లో మంత్రిగా వ్యవసాయం, సహకారం, సహాయ పునరావాసం వంటి శాఖలు చూశారు. దేశం రెండుగా చీలి ఇళ్ళు పోగొట్టుకున్న వారికి పునరావాసం చూసే పని, సొంత ఊరు సరిహద్దు అవతల పడిపోయిన మనిషి చేతికి వచ్చింది.

ఈ లోపు 1948 మార్చిలో దేశమంతటికీ డెంటిస్టుల చట్టం వచ్చింది. అప్పటికి మన హైదరాబాదు సంస్థానం ఇండియన్ యూనియన్ లో చేరలేదు, ఆ చరిత్ర సెప్టెంబరులో జరిగింది. మరుసటి ఏడు డెంటల్ కౌన్సిల్ ఏర్పడింది. ఆ చట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది. డాక్టర్ల రిజిస్టరును రెండు భాగాలు చేశారు. పట్టా ఉన్నవారు ఎ భాగంలోకి వస్తారు. పట్టా లేకపోయినా, అంతకు ముందు కనీసం అయిదేళ్ళు ఆ పనే ముఖ్య జీవనోపాధిగా చేసినవారు బి భాగంలోకి వస్తారు. అంటే తండ్రి తాతల నాటి నుంచి ఆ పని చేసుకుని బతుకుతున్న వాడి కడుపు కొట్టలేదు. కానీ ఆ తర్వాత చదువు లేకుండా ఎవరూ రోగి నోట్లో చెయ్యి పెట్టకూడదని తలుపు వేశారు. ఇంతకన్నా న్యాయంగా ఎవరు చెయ్యగలరు?

చదువు ఎందుకు అవసరమో మన తెలంగాణ వారికి వేరే చెప్పనక్కరలేదు. నల్లగొండ వైపు పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మరకలు మీరు చూసే ఉంటారు. చదువు లేనివాడు అది గుట్కా మరక అంటాడు, గీకుతాడు, లేదా పీకుతాడు. చదివినవాడు "మీ ఊళ్ళో ఏ బోరు నీళ్ళు తాగుతారు?" అని అడుగుతాడు. ఎందుకంటే అది నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు, ముదిరితే ఎముకలు కూడా వంకర పోతాయి. ఎముకలకు వచ్చే ఈ జబ్బు గురించి మన దేశంలో మొదట 1937లో వెలుగులోకి వచ్చింది నెల్లూరు ప్రాంతం నుంచే. పటిక, సున్నం కలిపి ఆ నీళ్ళను బాగుచేసే పద్ధతికి నల్లగొండ పద్ధతి అని పేరు. అది నాగపూర్ లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించినది. నోరు చూసి ఊరి బావి సంగతి చెప్పేవాడు సగం డాక్టరు ఎట్లా అవుతాడు?

ఇక మన హైదరాబాదు సంగతి. 1908 మూసీ వరదలో అఫ్జల్ గంజ్ దవాఖానా కొట్టుకుపోయిన తర్వాత ఏడో నిజాం కట్టించిన ఉస్మానియా ఆసుపత్రి 1925 నాటికి సిద్ధమైంది. అదే అఫ్జల్ గంజ్ లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ 1959లో ఏర్పడింది. కలకత్తాకూ మనకూ మధ్య ముప్పై తొమ్మిదేళ్ళ తేడా! ఆలస్యమైనా, వచ్చాక మాత్రం పేదల పాలిటి ఆసరా అయ్యింది. మన మేడ్చల్, దుండిగల్ పల్లెల నుంచి పన్ను చూపించుకోవాలంటే పొద్దున్నే బస్సెక్కి అఫ్జల్ గంజ్ వెళ్ళి, చీటీ రాయించుకుని, వరసలో కూర్చుని, సాయంత్రానికి దవడ వాచి తిరిగి రావడమే. ఆ ప్రయాణం మగవాడికి ఒక పూట కూలి నష్టం. ఆడవాళ్ళకైతే వెంట భర్త రావాలి, పిల్లలను ఎవరో ఒకరు చూసుకోవాలి. భార్య పంటి నొప్పి కోసం ఒక రోజు కూలి వదులుకుని అఫ్జల్ గంజ్ వరసలో నిలబడిన భర్తలు కూడా మన పల్లెల్లో ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కవు.

ఇవాళ ఆ దూరం తగ్గింది. మన దుండిగల్ నుంచి సిటీకి పోయే దారిలో సూరారం దగ్గర డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అందులో ఒకటి మహిళల కోసమే ప్రత్యేకంగా పెట్టినది. తెల్లకోటు మడిచి చేతి మీద వేసుకున్న ఆడపిల్లలు ఆ దారి బస్సుల్లో కనబడుతుంటారు, వారిలో బురఖా వేసుకున్నవారూ ఉంటారు. నూరేళ్ళ కిందట కలకత్తాలో ఒకే ఒక్క ఫాతిమా.

అహ్మద్ సాబ్ కు 1964లో పద్మభూషణ్ వచ్చింది. 1965 ఫిబ్రవరి 9న కన్నుమూశారు. అంతకు నెల రోజుల ముందే ఆయన శిష్యురాలు అక్కడ అయూబ్ ఖాన్ మీద పోటీ చేసి ఓడిపోయారు. ఆయన పేరున్న కాలేజీ కలకత్తాలో నేటికీ నడుస్తోంది. అది ఉన్న పేట పేరు మౌలాలి. మనకు గుట్ట మీద మౌలాలి ఉంటే, వాళ్ళకు నగరం మధ్యన ఉంది. ఆ వైపు వెళ్ళినవారు ఆగి గేటు మీద పేరు చదవండి. ఆయన పుట్టిన డిసెంబరు 24ను దంతవైద్యుల దినంగా గుర్తుచేసుకునే డాక్టర్లు దేశంలో ఎందరో ఉన్నారు.

కమిటీ వారికి చివరగా ఒక మనవి. సొసైటీ తరఫున వైద్య శిబిరం పెట్టేటప్పుడు బీపీ, షుగరు, కళ్ళ పరీక్షల బల్లల పక్కన పళ్ళకు కూడా ఒక బల్ల వెయ్యాలి. ఆడవాళ్ళకు వేరే పరదా కట్టి, ఆడ డాక్టరును కూర్చోబెట్టాలి. సూరారం వాళ్ళను అడిగితే కాదనరని నా నమ్మకం. తేదీ డిసెంబరు 24 అయితే మరీ మంచిది. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో దీన్ని చేర్చవలసిందిగా కోరుతున్నాను.